ఉప్పు చూసే అరుగు

సాయంత్రం పూట నేను "ఊఁ" అనందే మా వీధిలో ఒక్క కొట్టు కూడా తెరవరు. ఈ ఏర్పాటు నేను పెట్టింది కాదు. మా నాన్న కన్నా ముందు నుంచే ఉంది.

పాత కోట గుమ్మం దాటి లోపలికి రాగానే ఎడమ పక్క ఒక రాతి అరుగు ఉంటుంది. దాని మీద మా ఎముకల సూపు డేగిసా. అక్కణ్ణించి మసీదు మెట్ల దాకా అన్నీ తిండి కొట్లే. రొట్టెలావిడ మట్టి పొయ్యి, మా బావమరిది కబాబుల బొగ్గుల పెట్టె, టీ బండి, ఇంకా వేపుడు వాళ్ళు, పళ్ళరసం వాళ్ళు. సాయంత్రం నమాజు చేసుకుని జనం మెట్లు దిగేసరికి అందరూ సిద్ధంగా ఉండాలి. దానికి ముందు ఎవరు వండింది వాళ్ళు కాస్త గిన్నెలో పెట్టుకుని అరుగు దగ్గరికి తెస్తారు. అరుగు మీద ఉన్నవాడు నాలుక మీద వేసుకుని ఉప్పు చూస్తాడు. బాగుంటే ఊఁ. బాగోకపోతే ఊహూఁ. ఊహూఁ అంటే మారు మాట్లాడకుండా వెనక్కి పోయి సరిచేసుకుని రావాలి.

పూర్వం ఎవడో చెయ్యి జారి ఉప్పు గుమ్మరించాడట. తిన్నవాళ్ళు నీళ్ళ కోసం పరుగెత్తి అటు నుంచి అటే పక్క వీధికి పోయారట. ఒకడి చెయ్యి జారితే వీధంతా ఈగలు తోలుకోవాల్సి వచ్చిందని పెద్దలు కూర్చుని ఇలా తేల్చారు.

అరుగు ఎవరిదంటే నాలుక ఉన్నవాడిది. గుమ్మం పక్కనే కాబట్టి లోపలికి వచ్చే ప్రతి మనిషీ ముందు నా డేగిసా ఆవిరి పీల్చుకుని తీరాలి. సగం మంది అక్కడే కూలబడతారు. నాలుక పోయినవాడు మాత్రం అరుగు దిగి వీధి చివర పావురాల గోడ కిందికి పోవాలి. అక్కడ గిరాకీ కన్నా పావురాలు ఎక్కువ. డేగిసా మూత తీయడానికి కూడా ఉండదు. నా తరవాత అరుగు మా బావమరిదిది. వాడు పుట్టినప్పటి నుంచీ దాని వంక చూస్తూనే ఉన్నాడు.

ఇలా ఉండగా ఎండాకాలం మొదట్లో నాకు జ్వరం వచ్చింది. వచ్చింది, పోయింది. పోతూ పోతూ నా రుచి పట్టుకుపోయింది.

నాకు మొదట తెలియలేదు. అన్నంలో మిరపకాయ కొరికాను. కళ్ళలోకి నీళ్ళు వచ్చాయి గాని నోట్లోకి ఏమీ రాలేదు. ఎవరూ చూడకుండా ఉప్పు రాయి తీసి నాలుక కింద పెట్టుకున్నాను. గులకరాయి పెట్టుకున్నట్టుంది. ఇంకోటి పెట్టుకున్నాను. రెండు గులకరాళ్ళు పెట్టుకున్నట్టుంది.

ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకీ చెప్పలేదు. మాట్లాడే అలవాటు లేనివాడికి ఇదొక సుఖం. కొత్తగా ఏదైనా దాచినా ఎవరికీ తేడా తెలియదు.

సాయంత్రం ఉప్పు చూడడం ఎలాగా అని ఒకటే దిగులు. కానీ మొదటి రోజే ఒక సంగతి కనిపెట్టాను. వంట బాగా కుదిరినవాడు గిన్నె నా చేతికిచ్చి నా మొహంలోకే చూస్తాడు. ఎక్కడో చెయ్యి జారినవాడు గిన్నె ఇచ్చి మసీదు మినారు చూస్తాడు. లేదంటే చెప్పులు చూసుకుంటాడు. ఇంకా పెద్ద పొరపాటు చేసినవాడు "ఎండలు ముదిరాయి బాబాయ్" అంటాడు. నేను గిన్నెలోది నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నట్టు చేసి రెప్పల సందులోంచి వాళ్ళని చూసేవాణ్ణి. మొహంలోకి చూస్తే ఊఁ. ఎండల గురించి మాట్లాడితే ఊహూఁ. వీధి సాఫీగా నడిచిపోయింది. నా సూపు సంగతంటారా, చెయ్యి అలవాటుగా ఎంత తీసుకుంటుందో అంతే వేసేవాణ్ణి. ఎవరూ ఏమీ అనలేదు.

ఒక్కటి మాత్రం కొత్తగా కనిపించింది. ఊఁ అనిపించుకున్నాక ఎవరూ తిన్నగా కొట్టుకి పోవడం లేదు. అరుగు వెనక పీట వేసుకుని ఉల్లికాడలు తరిగే మా ఆవిడ దగ్గర ఆగి ఏదో గుసగుసలాడి పోతున్నారు. ఆడవాళ్ళ కబుర్లు అనుకున్నాను. టీ బండి అతను మగవాడే అనుకోండి, అయినా ఆడవాళ్ళ కబుర్లే అనుకున్నాను.

చిక్కంతా మా బావమరిదితో వచ్చింది. వాడి మొహం గోడ. వండింది అమృతమైనా, బూడిదైనా అదే మొహం. మీసం మెలేసి, గడ్డం పైకెత్తి, లోకంలో తనకి తప్ప ఎవరికీ కబాబు కాల్చడం రాదన్నట్టు నిలబడతాడు. అందులో చదవడానికి ఏమీ ఉండదు. అందుకని వాడికి రోజూ ఊఁ అనేసేవాణ్ణి. అనుమానం వచ్చినప్పుడు మంచి మాట అంటే ఎవరూ తగువుకి రారు కదా అనుకున్నాను. అక్కడే దెబ్బ తిన్నాను.

ఒక రోజు పొద్దున కుళాయి దగ్గర వాడు టీ బండి అతనితో అంటుంటే విన్నాను. టీ బండి అతన్ని వీధిలో అందరూ కెటిలు అంటారు. పొయ్యి మీద ఉన్నా లేకపోయినా కుతకుతలాడుతూనే ఉంటాడు.

"ఒరే కెటిలూ, మా బావ నా కబాబుకి రోజూ ఊఁ అంటున్నాడ్రా."

"మంచిదేగా మామా."

"ఏం మంచి! నా పెళ్ళి నాటి నుంచీ చూస్తున్నా, వారానికోసారైనా నన్ను వెనక్కి పంపకపోతే ఆయనకి నిద్ర పట్టదు. నిన్న వెయ్యాల్సినవి సగం వెయ్యకుండా తీసుకెళ్ళా. ఊఁ అన్నాడు. ఆ నోట్లో నాలుక లేదురా!"

"నోట్లో నాలుక లేని మనిషని ఆయన్ని ఊరంతా ఎప్పటినుంచో అంటోందిగా."

"వేళాకోళం కాదు. రేపు ఒక అమ్మాయి వస్తోంది. ఊళ్ళు తిరిగి, వీధుల్లో తిని, ఫోనులో చూపిస్తుందట. ఆ అమ్మాయిని మా బావ చేతే వీధంతా తిప్పిస్తా. ఆ అమ్మాయి ముందు, వీధి ముందు తేలిపోతుంది. ఎల్లుండి అరుగు మీద ఎవరుంటారో చూడు."

కెటిలు ఏమీ అనలేదు. అతను ఏమీ అనకపోవడం నేను అదే మొదటిసారి చూడడం. నేను బిందె నింపుకుని వచ్చేశాను. ఆ రోజు సూపులో ఎముకలన్నీ నా వంకే చూస్తున్నట్టు అనిపించింది.

మర్నాడు ఎండ వాలే వేళకి ఫోనమ్మాయి వచ్చింది. మెళ్ళో ఒక సంచి, భుజాన ఒక సంచి, చేతిలో కర్రకి తగిలించిన ఫోను. గుమ్మంలో అడుగు పెట్టడంతోనే మాట్లాడడం మొదలుపెట్టింది. గుమ్మంతో మాట్లాడింది, రాళ్ళతో మాట్లాడింది, పావురాలతో మాట్లాడింది. తరవాత నన్ను చూసింది.

"తాతా, సలాం! మీరేనా ఈ వీధికి నాలుక?"

"ఊఁ" అన్నాను.

"చూశారా ఫ్రెండ్స్! ఎంత వినయమో! ఎన్నో ఏళ్ళుగా ఈ చారిత్రక వీధి రుచిని కాపాడుతూ, ఆ బరువంతా ఒక్క ముక్కలో చెప్పేశారు!"

నేను వెనక్కి తిరిగి చూశాను, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని. మా ఆవిడ ఉంది. కొంగు నోట్లో కుక్కుకుని ఉంది.

"అక్కా, బావని కాసేపు వదులు" అన్నాడు మా బావమరిది. "అమ్మాయిని వీధంతా తిప్పుతాడు. ప్రతి కొట్టు దగ్గరా ఉప్పు చూసి చెప్తాడు."

"ఆయన తిప్పడమేంట్రా? ఇంట్లో తలుపు ఎటుందో అడిగినా చెప్పడు."

"చెప్పకపోయినా పరవాలేదు. నోట్లో పెట్టుకుంటే చాలు" అన్నాడు వాడు మీసం కిందనుంచి.

మా ఆవిడ వాడి వంక ఒక చూపు చూసింది. చిన్నప్పుడు వాడి వీపు విమానం మోత మోగించే ముందు ఆ చూపే చూసేదట. తరవాత కత్తిపీట ఎత్తి పక్కన పెట్టి "నేనూ వస్తా. కాళ్ళు పట్టేశాయి" అంది.

బయలుదేరాం. ముందు ఫోను, దాని వెనక అమ్మాయి, ఆ వెనక నేను, నా వెనక మా ఆవిడ, మా వెనక ఏం జరుగుతుందో చూడాలని సగం వీధి. పెళ్ళి ఊరేగింపులో కూడా నా వెనక అంత మంది లేరు.

మొదట రొట్టెలావిడ. నాకు చెల్లెలి వరస. ఆవిడ పొయ్యి నేలలోకి దిగి ఉంటుంది. పిండి ముద్దని చేతుల మధ్య చరిచి, మోచెయ్యి దాకా నిప్పులోకి దించి గోడకి అంటించి వస్తుంది. ఆ చేతి మీద వెంట్రుక అన్నది మొలిచి ఎన్నాళ్ళయిందో.

"అయ్యో చెయ్యి కాలదా అక్కా?" అంది అమ్మాయి.

"కాలుతుంది. నోరు కాలకుండా చూసుకుంటే చాలు. అన్నయ్యా, ఇదిగో" అని ఉబ్బిన రొట్టె ఒకటి చువ్వతో లాగి ఇచ్చింది. నువ్వులు చిటపటలాడుతున్నాయి. నా మొహంలోకి తిన్నగా చూసింది. తుంపి నోట్లో వేసుకున్నాను. వేడి తెలిసింది, పెళుసు తెలిసింది. మిగతాది అట్టముక్క.

"ఊఁ."

"విన్నారుగా ఫ్రెండ్స్! పైన కరకర, లోపల దూది, చివర్లో నువ్వుల కమ్మదనం అంటున్నారు తాత!"

"అన్నీ ఆ ఊఁలోనే ఉన్నాయా?" అంది రొట్టెలావిడ ఆశ్చర్యంగా. "ఇన్నేళ్ళూ నాకు వినిపించనేలేదే!"

తరవాత కెటిలు బండి. అతను టీని ఎత్తు నుంచి పోస్తాడు. కిందున్న గ్లాసు కన్నా పైనున్న చెయ్యి చూడడానికే జనం నిలబడతారు. గ్లాసు నాకందించి మొహంలోకి చూస్తూ "చూడు బాబాయ్, ఇవాళ చక్కెరే వేశా" అన్నాడు. ఎందుకన్నాడో నాకు అర్థం కాలేదు. టీలో చక్కెర కాక ఏం వేస్తారు? తాగాను. గొంతు వెచ్చబడింది.

"ఊఁ."

అమ్మాయి ఈసారి నా ఊఁలోంచి ఏలకులు తీసింది, పాల మీగడ తీసింది, నా చిన్నతనం తీసింది. చిన్నప్పుడు నాకు ఎవరు టీ పోశారు గనక! అయినా వింటుంటే బాగానే ఉంది. ఆ అమ్మాయి నోట్లో నా మాట నా నోట్లో కన్నా దర్జాగా ఉంది.

మధ్యలో వేపుడు వాళ్ళ దగ్గరా, పళ్ళరసం దగ్గరా ఆగాం. అన్నిచోట్లా మొహాలు నా వైపే ఉన్నాయి. అన్నిచోట్లా ఊఁ అన్నాను. చేప వేపిన అతను ఒక్కడే "గాలి తిరిగింది పెద్దాయనా" అన్నాడు. ఊహూఁ అన్నాను. అతను నాలుక కరుచుకుని మూకుడు దింపేశాడు. అమ్మాయి చప్పట్లు కొట్టింది. నాకు కాస్త ధైర్యం వచ్చింది.

ఆఖరున కబాబులు.

బొగ్గుల పెట్టె మీద కొవ్వు చుక్కలు పడి పొగ లేస్తోంది. మా బావమరిది విసనకర్రతో విసురుతూ రాజులాగా నిలబడి ఉన్నాడు. పెట్టె పక్కన రెండు పళ్ళేలు. ఒక్కో పళ్ళెంలో చువ్వ నుంచి లాగిన కబాబులు, ఉల్లిపాయ చక్రాలు, నిమ్మ చెక్క. చూడడానికి కవల పిల్లల్లాగా ఉన్నాయి.

"బావా, ఇవాళ అమ్మాయిగారొస్తున్నారని రెండు రకాలు చేశాను" అన్నాడు. "రెండూ ఉప్పు చూసి చెప్పు. అమ్మా, మీరూ ఆయనతో పాటే తినండి. ఫోను ఆయన మొహం మీద పెట్టండి. కదలనివ్వకండి."

వీధంతా మూగింది. మసీదు మెట్ల మీద కూడా జనం నిలబడిపోయారు. నాకు పావురాల గోడ కళ్ళ ముందు కదిలింది. దాని కింద డేగిసా, డేగిసా మీద పావురం.

మొదటి పళ్ళెంలోది తీసుకున్నాను. బిస్మిల్లా అని నోట్లో వేసుకున్నాను. బావమరిది మొహం చూశాను. గోడ. రొట్టెలావిడ మొహం, కెటిలు మొహం, మా ఆవిడ మొహం చూశాను. ముగ్గురూ నా వంకే చూస్తున్నారు. అమ్మాయి "అబ్బా!" అని కళ్ళు మూసుకుని నములుతోంది.

"ఊఁ."

"ఊఁ అన్నాడు. అందరూ విన్నారుగా" అన్నాడు మా బావమరిది. "ఇప్పుడు రెండోది."

రెండోది తీసుకున్నాను. వాడి మొహం చూశాను. గోడ. సరేనని మిగతావాళ్ళని చూశాను. రొట్టెలావిడ మినారు చూస్తోంది. కెటిలు చెప్పులు చూసుకుంటున్నాడు. మా ఆవిడ నాతో "ఎండలు ముదిరాయయ్యా" అంది.

నాకు మతి పోయింది. వండినవాడు వాడు. దొంగచూపులు వీళ్ళవి! ముగ్గురూ ఒక్కసారే ఎందుకలా అయ్యారు? నములుతూ నిలబడ్డాను. నోట్లో ఏదో మెత్తగా, వేడిగా అటూ ఇటూ తిరుగుతోంది తప్ప కబురేమీ చెప్పడం లేదు.

అప్పుడు అమ్మాయి వంక చూశాను.

గుమ్మం దాటినప్పటి నుంచీ మూతపడని నోరు మూతపడి ఉంది. కళ్ళు నిమ్మకాయలంత అయ్యాయి. ఫోను కర్ర మెల్లగా కిందికి వాలిపోతోంది.

"ఊహూఁ" అన్నాను.

వీధిలో గాలి కదిలినట్టయింది. మా బావమరిది విసనకర్ర ఆగింది. వాడు ఎదురుచూసింది ఊఁ. అయినా వాడు అంత తేలిగ్గా వదిలే రకమా?

"ఊహూఁ అంటే సరిపోదు బావా. ఏం తేడా? ఎక్కువా, తక్కువా? ఇవాళ నోరు విప్పి చెప్పాలి."

ఊఁకీ ఊహూఁకీ మధ్య నేను ఎలాగోలా బతికాను గాని దాని తరవాత ఇంకో మాట ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. ఎక్కువా? తక్కువా? మా ఆవిడని చూశాను. ఆవిడ ఇంకా ఎండలే చూస్తోంది. అమ్మాయిని చూశాను. పాపం, ఒక చేత్తో గొంతు పట్టుకుని రెండో చేత్తో గాల్లో ఏదో వెతుకుతోంది.

నేను ఎక్కువా అనలేదు, తక్కువా అనలేదు. కనిపించింది అన్నాను.

"నీళ్ళు."

మా బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీళ్ళా! విన్నారా! నీళ్ళు కావాలట! అయ్యా పెద్దలారా, ఆ పళ్ళెంలో మాంసానికి నేను ఉప్పన్నదే వెయ్యలేదు. ఒక్క రాయి కూడా వెయ్యలేదు! చప్పిడి మాంసం తిని నీళ్ళడుగుతున్నాడు మా బావ! నాలుక పోయిందని నేను చెప్పలా? చూడండి, మీ ముందే తింటా, ఉప్పుంటే అడగండి!" అని రెండు కబాబులు ఒకేసారి నోట్లో కుక్కుకున్నాడు.

నమిలాడు. ఒకసారి నమిలాడు. రెండోసారి నమలలేదు.

ఆ మొహం, మీసం మొలిచినప్పటి నుంచీ కదలని మొహం, కదిలింది. ముందు కనుబొమలు పైకి పోయాయి. తరవాత మీసం రెండు పక్కలా కిందికి జారింది. చెవులు కూడా ఎర్రబడ్డాయి. వాడు కెటిలు బండి మీద నీళ్ళ చెంబు లాక్కుని ఎత్తి పట్టి గడగడా తాగాడు. సగం గొంతులోకి, సగం చొక్కాలోకి. తాగి, నోరు తెరిచి, ఇంకో చెంబు కోసం చెయ్యి చాపాడు.

"ముందు ఆ పిల్లకివ్వరా!" అని మా ఆవిడ చెంబు లాక్కుంది.

"నేను వెయ్యలేదు!" అన్నాడు వాడు. "ఒట్టు! నా చేత్తో ఉప్పు వెయ్యలేదు!"

"ఏంటీ?" అంది రొట్టెలావిడ నడుం మీద చెయ్యి పెట్టి. "ఇంటికొచ్చిన పిల్లకి ఉప్పు వెయ్యని కబాబు పెట్టావా? అదీ మాకందరికీ వినిపించేలా చెప్పుకుంటున్నావా?"

"వెయ్యలేదంటాడు, సముద్రం తెచ్చి పెడతాడు" అన్నాడు కెటిలు. "మామా, వయసు మీద పడుతోంది నీకు. ఏం వేశావో ఏం వెయ్యలేదో గుర్తుండడం లేదు."

మెట్ల మీద ఎవరో నవ్వారు. ఆ నవ్వు వీధి చివర పావురాల గోడ దాకా పోయింది. మా బావమరిది అందరి మొహాలూ చూసి చివరికి నా వంక చూశాడు. తరవాత వంగి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బావా, నాది తప్పు. అంత ఉప్పు నోట్లో పెట్టుకుని కన్ను కూడా ఆర్పకుండా నిలబడ్డావే! అది నాలుకా, బండరాయా! ఇంకెప్పుడూ అనుమానించను."

అమ్మాయికి ఈలోపు మాట తిరిగొచ్చింది. ఫోను మళ్ళీ పైకి లేచింది. "చూశారుగా ఫ్రెండ్స్, వండినవాడికే తెలియని సంగతి తాత ఒక్క మాటలో చెప్పారు!" అంటూ గొంతు జీరబోయినా ఆగకుండా చెప్పుకుపోయింది. ఆ రోజు కబాబులు తప్ప అన్నీ అయిపోయాయి.

జనం పల్చబడ్డాక అరుగు మీద డేగిసా తోముతున్నాం. మా ఆవిడ బూడిద వేస్తోంది, నేను పీచుతో రుద్దుతున్నాను. చాలాసేపు రుద్దాక చెప్పాను.

"నాకు రుచి తెలియడం లేదు."

"ఊఁ" అంది మా ఆవిడ.

నేను రుద్దడం ఆపాను. ఆవిడ ఆపలేదు.

"జ్వరం తగ్గిన రోజే తెలుసు" అంది. "డేగిసాలో ఒకసారి ఉప్పు వేశావు. అటు తిరిగి, ఇటు తిరిగి మళ్ళీ వేశావు. రెండు బిందెల నీళ్ళు పోసి సరిచేశాను. అప్పటి నుంచీ నువ్వు అటు తిరిగినప్పుడల్లా చూసుకుంటూనే ఉన్నా."

"కెటిలుకి?"

"వాడొక రోజు డబ్బా మారి టీలో ఉప్పు వేశాడు. నువ్వు ఆఖరి చుక్క దాకా తాగి ఊఁ అన్నావట. భయపడిపోయి పరుగెత్తుకొచ్చాడు."

"రొట్టెల చెల్లెలికి?"

"పిండిలో ఉప్పు మర్చిపోయింది. ఊఁ అన్నావు. ఆవిడా నా దగ్గరికే వచ్చింది. అందరూ నీ దగ్గర ఊఁ అనిపించుకుని నా దగ్గర ఉప్పు చూపించుకుని పోతున్నారు. కబుర్లనుకున్నావా?"

మళ్ళీ పీచు అందుకున్నాను.

"మరి ఇవాళ మాంసంలో..."

ఆవిడ చేతిలో బూడిద దులుపుకుంది. "మా వాడికి రహస్యం కడుపులో ఆగుతుందా? ఒక పళ్ళెం చప్పిడిగా పెడతానని కెటిలుకి చెప్పాడు, రొట్టెలావిడకీ చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దని ఇద్దరికీ చెప్పాడు. వాడి గొంతుకి కుళాయి దగ్గర నాకూ వినిపించింది. వాడు నమాజుకి ముందు వజూ అని కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి పోయినప్పుడు నేను ఆ చప్పిడి గిన్నె మూత తీసి సరిపడా ఉప్పు కలిపాను. బొగ్గులు తేవడానికి పోయినప్పుడు కెటిలు కలిపాడట. ఆ పిల్లకి ఎదురెళ్ళినప్పుడు రొట్టెలావిడ కలిపిందట. ఒకరు కలిపినట్టు ఇంకొకరికి తెలియదు. వరసగా నిలబడి చూసుకుంటే గాని మాకే అర్థం కాలేదు. సరిచేద్దామనే అనుకున్నాం అందరం."

"ఇంతకీ ఎవరెవరికి తెలుసు?"

"మా తమ్ముడికి తప్ప అందరికీ."

డేగిసాని బోర్లించాను. నీళ్ళు అరుగు మీద నుంచి కారి గుమ్మం రాళ్ళ మధ్యకి పోయాయి. "అయితే అరుగు దిగిపోవాలిగా" అన్నాను.

"దిగి? పావురాలకి సూపు అమ్ముతావా?"

"నాలుక ఉన్నవాడిది కదా అరుగు."

"నాలుక ఉంది. కాస్త వెనక పీట మీద కూర్చుంటోంది. ఉప్పు చూసేది నేను, ఊఁ అనేది నువ్వు. పెళ్ళైనప్పటి నుంచీ మనింట్లో జరిగేది అదేగా? ఇంకొంచెం బూడిద వెయ్యనా?"

"ఊఁ" అన్నాను.

మర్నాడు సాయంత్రం అందరూ గిన్నెలు తెచ్చారు. ఒక్కొక్కళ్ళకీ ఊఁ అన్నాను. ఒక్కొక్కళ్ళూ పీట దగ్గర ఆగి వెళ్ళారు. ఇప్పుడు నాకు చాటుగా చూడాల్సిన పని లేదు. అయినా అలవాటు కొద్దీ చూస్తూనే ఉన్నాను.

అందరి కన్నా ఆఖరున మా బావమరిది వచ్చాడు. వాడు మాత్రం అక్క దగ్గర ఆగడు. చిన్నప్పటి నుంచీ ఆవిడ దగ్గర ఆగితే ఏదో ఒకటి తగులుతుందని వాడి భయం. గిన్నె రెండు చేతులతో పట్టుకుని తెచ్చాడు. మీసం మెలేసి లేదు. గడ్డం పైకి లేదు. గిన్నె నా చేతికిచ్చి గుటకలు మింగుతూ ఒకసారి నా వంక, ఒకసారి గిన్నె వంక చూస్తున్నాడు. గోడ కూలిపోయి ఇల్లంతా కనిపిస్తున్నట్టుంది.

కబాబు నోట్లో వేసుకుని నమిలాను. కళ్ళు మూసుకున్నాను. వెనక పీట మీద కత్తిపీట చప్పుడు ఆగింది.

"బావా..." అన్నాడు వాడు. వాడి చూపు మెల్లగా మినారు మీదికి పాకింది.

"ఊహూఁ" అన్నాను.

మారు మాట్లాడకుండా గిన్నె తీసుకుని పరుగెత్తాడు. ఎక్కువైందో, తక్కువైందో నాకు తెలియదు. కానీ వాణ్ణి వెనక్కి పంపి చాలా రోజులైంది. ఆ రాత్రి నాకు బాగా నిద్ర పట్టింది.